నాలుక పరీక్ష

బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ మ్యూజియంలో రాళ్ళు చూసే వేళ. ఆ రెండు గంటల్లో ఎవరైనా సరే, తమకు దొరికిన రాయిని సంచిలో వేసుకొచ్చి, మెట్ల పక్క గదిలో బల్ల వెనక కూర్చునే పెద్దమనిషికి చూపించుకోవచ్చు. రాయి గుండ్రంగా ఉంటే రాక్షసబల్లి గుడ్డంటారు. చుట్ట చుట్టుకుని ఉంటే పామంటారు. రాతి పగుల్లోకి మాంగనీసు నీళ్ళు దిగి, ఎండి, నల్లటి కొమ్మలూ రెమ్మలూ గీస్తే, కోట్ల ఏళ్ళనాటి ఆకు దొరికిందని ఇంటిల్లిపాదీ కలిసి వస్తారు. ఆయన భూతద్దం కంటికి ఆనించి, రాయిని అటూ ఇటూ తిప్పి, "కాదు" అంటాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన నోట వచ్చిన మాటల్లో సగం అదే కాబట్టి అందరూ ఆయన్ని చాటుగా కాదుగారు అనేవాళ్ళు. చాటుగా అన్నది పేరుకే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆయన భార్యకీ తెలుసు. కూర ఎలా ఉందంటే "బాగాలేదని కాదు" అనే మనిషికి ఇంతకన్నా అతికిన పేరు ఇంకేముంటుందని ఆవిడ నవ్వేది.

ఆయన చెప్పేది నూటికి తొంభై తొమ్మిదిసార్లు నిజమే. చిక్కంతా చెప్పే తీరుతోనే. కాదని చెప్పి ఊరుకుంటే సరిపోయేదానికి, చుట్టూ పదిమంది ఉంటే ఆయన నోరు ఊరుకోదు. ఒకాయన గుడ్డనుకుని తెచ్చినదాన్ని చేతిలో పెట్టి, "పొదిగి చూడండి, ఎందుకైనా మంచిది" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల రుచి మరిగి, గోడవారన ఒక అద్దాల బీరువా పెట్టించి, పాదంలా ఉన్నవీ, పుర్రెలా ఉన్నవీ, బంగాళాదుంపలా ఉన్నవీ అందులో చేర్చి, పైన 'కళ్ళు చేసే మోసం' అని బోర్డు రాయించాడు. ఒక్కో రాయి కింద ఒక్కో చమత్కారం. స్కూలు పిల్లలు రాగానే ముందు అక్కడికే పరిగెత్తేవాళ్ళు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ బీరువాలోకి ఒక చెయ్యి చేరింది.

అది తెచ్చినావిడ వలలు బాగుచేసే మనిషి. అరవై దాటినట్టుంది. వరసలో తనకన్నా వెనక వచ్చినవాళ్ళను కూడా ముందు పోనిచ్చి, ఆఖరున బల్ల దగ్గరికి వచ్చి, తడిగుడ్డ విప్పింది. బూడిదరంగు ముద్ద రాయి. ఒక కొస మొద్దుగా ఉంది, రెండో కొస అయిదు బుడిపెలుగా చీలింది. ఉప్పునీటి పాయలో, ఆటు వేళ నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, బురదలో దొరికిందట. ఆ పాయలోనే ముప్ఫై ఏళ్ళ కిందట ఆవిడ తమ్ముడు పడవ కూరుకుపోతే నెట్టడానికి బురదలోకి దిగాడట. పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు.

"వాడి చెయ్యి బాబూ ఇది," అంది ఆవిడ. "చిటికెన వేలు చూడండి, బయటికి తిరిగి ఉంది. మావాడిదీ అంతే. అవునో కాదో మీరు చెబితే చాలు."

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఈ వృత్తిలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే అందరికీ నేర్పుతారు. రాయిని నాలుకకు ఆనించి చూడాలి. ఎముకలో కంటికి కనపడనన్ని సన్న రంధ్రాలుంటాయి, అవి తడిని లాగుతాయి, నాలుక అంటుకుంటుంది. ఉత్త రాయి అయితే అంటుకోదు. చూసేవాళ్ళకు రోతగా ఉన్నా, క్షణంలో తేలిపోయే పరీక్ష. కాదుగారు దాన్ని వేలసార్లు చేశాడు. కానీ ఆవేళ వెనక నలభైమంది స్కూలు పిల్లలున్నారు. రాయి కుళ్ళు బురద వాసన వేస్తోంది. ఆయనకు మనసొప్పలేదు.

"మనిషి రాయి కావాలంటే ఎన్ని లక్షల ఏళ్ళు పడుతుందో తెలుసా అమ్మా?" అన్నాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "మీ తమ్ముడు మరీ అంత పాతకాలపువాడా?" అన్నాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. ఆవిడ ఆ నవ్వు సద్దుమణిగేదాకా నిలబడింది. కాదంటే ఇంటికి ఎలా తీసుకెళ్ళేది, అవునంటే బయట ఎలా పారేసేది, మీ దగ్గరే ఉంచండి, తేలినప్పుడు చెప్పండి అని, గుడ్డ మాత్రం మడిచి తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడే ఆ రాయి బీరువా ఎక్కింది. 'షేక్‌హ్యాండ్ కోసం ఎదురుచూస్తున్న రాయి' అని దాని కింద చీటీ.

ఆర్నెల్ల తర్వాత ఏదో పత్రిక తిరగేస్తుంటే ఒక వ్యాసం ఆయన కంటపడింది. ఎక్కడో ఉప్పు బురదల్లో, యుద్ధకాలం నాటి ఇనుప ముక్కల చుట్టూ రాయి పేరుకుందట. లక్షల ఏళ్ళు కాదు, కొన్ని పదుల ఏళ్ళలోనే. బురదలో కూరుకుపోయినదాని చుట్టూ ఇనుమూ సున్నమూ చేరి గట్టిపడతాయని అందులో రాశారు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన బీరువా తాళం తీశాడు. మొద్దు కొస దగ్గర, రాయి పెచ్చు లేచినచోట, గోరంత మేర తేనెరంగు మచ్చ ఉంది. దానికి నాలుక ఆనించాడు.

అంటుకుంది.

నలుగురికీ చెప్పి, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, కాళ్ళు పట్టుకోవాల్సిన రోజు అది. ఆయన ఆ పని చెయ్యలేదు. రాయిని పాత పేపర్లో చుట్టి నేలమాళిగలో చివరి సొరుగులో పెట్టి వచ్చాడు. బీరువాలో ఖాళీ చోట బంగాళాదుంపను జరిపాడు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉంది. రాయిని తమ్ముడనుకున్న ఆవిడ కథ ఆయన ఉపన్యాసాల్లో బాగా పేలే జోకు. అసలు సంగతి తెలిశాక కూడా, సభలో ఎవరో అడిగారని, ఆ కథ రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ జనం చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఏడాదికోసారి వచ్చేది. తేలిందా బాబూ అని అడిగేది. ఇంకా చూస్తున్నామమ్మా అనేవాడు. ఎనిమిదిసార్లు వచ్చింది. ఎనిమిదిసార్లూ అదే మాట.

తొమ్మిదో ఏడు ఆవిడ రాలేదు. బదులుగా ఒక బుధవారం మూడు గంటలప్పుడు ఆవిడ కూతురు వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుందట. డ్యూటీ కోటు మడిచి చేతిమీద వేసుకుని ఉంది. అమ్మకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, ఇక ఒకటి రెండు రోజులేనని డాక్టర్లు చెప్పారనీ చెప్పింది. తనకు కావలసింది ఒక్కటే. ఆ రాయిని ఒక్కరోజు ఇస్తే ఎక్స్‌రే తీసి, లోపల ఏముందో అమ్మకు చూపిస్తుంది.

"మీరు ఇన్నేళ్ళుగా చూస్తున్నారటగా సార్," అంది. "ఒక్క ఫిల్మ్ తీస్తే తేలిపోతుంది."

కింద ఉంది, తెస్తాను కూర్చో అమ్మా అని కాదుగారు లేచాడు. ఫోను చార్జింగుకు పెట్టి ఉంటే దాన్ని అక్కడే వదిలేసి, తాళాలాయన దగ్గర తాళంచెవి తీసుకుని, నేలమాళిగ మెట్లు దిగాడు. దిగుతుండగానే ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందని చెప్పడం కూడా దొంగమాటే, కుర్చీలోంచి లేచేటప్పుడే అది ఆయనతో పాటు లేచింది. చేతి ఆకారంలో ఉన్న రాళ్ళు కింద ఇంకా నాలుగైదున్నాయి. అన్నీ ఉత్తవే. ఒకటి తీసి ఇస్తే సరి. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. పెద్దావిడ ఎలాగూ... అంతవరకూ అనుకుని ఆగాడు. మిగతాది తనలో తాను అనుకోవడానికి కూడా నోరు రాలేదు.

నేలమాళిగకు కిటికీల్లేవు. పొడవాటి గది, రెండువైపులా నడుమెత్తున చెక్క సొరుగులు, మధ్యలో ఒక ఇరుకు బల్ల. పాత పేపర్లూ సున్నమూ కలిసిన వాసన. ఆయన చివరి సొరుగు లాగి చెయ్యి రాయిని బయటికి తీశాడు. పక్క సొరుగుల్లోంచి దానికి సరిపోలే రాళ్ళు మూడు తీశాడు. నాలుగూ బల్ల మీద పెట్టి పోల్చి చూస్తుండగా కరెంటు పోయింది.

చీకటంటే అలాంటిలాంటిది కాదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. జనరేటరు పై అంతస్తులకే గానీ కిందికి లేదు. పైకి కేకేస్తే తాళాలాయన లైటు పట్టుకుని వస్తాడు, కానీ వచ్చి బల్ల మీద ఒకేలాంటి రాళ్ళు నాలుగు చూస్తాడు, ఎందుకని అడుగుతాడు. కాదుగారు కేకెయ్యలేదు. తర్వాత తడుముకుంటూ ఒక రాయి అందుకున్నాడు. ఏది ఏదో వేళ్ళకు తెలియడం లేదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉంది.

మొద్దు కొసను నాలుకకు ఆనించాడు. అంటుకుంది. అయితే అసలుది ఇదే. దాన్ని ఎడమవైపు జరిపాడు.

రెండోది తీశాడు. అదీ అంటుకుంది.

బంకమట్టి ఎక్కువున్న రాయి కూడా ఒక్కోసారి నాలుకకు అంటుకుంటుంది, అందులో వింతేమీ లేదని తనకు తాను పాఠం చెప్పుకున్నాడు. మూడోది అందుకున్నాడు. అది ఆనీ ఆనకముందే నాలుకను లాగి పట్టేసింది... రెండు చేతులతో లాగాల్సి వచ్చింది... వదిలేటప్పుడు చర్మం లేచింది. నోట్లో ఉప్పు. రక్తపు ఉప్పు కాదు, సముద్రపు ఉప్పు.

అప్పుడు వాసన తెలిసింది. సున్నం వాసన పోయింది. నీళ్ళు తీసేశాక మిగిలే బురద వాసన... కాళ్ళ దగ్గర నుంచి పైకి వస్తోంది.

ఆయన కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. గదిలో ఇంకో ఊపిరి ఉంది. బల్లకు అవతలవైపు... తడిగా... ముక్కులో ఏదో అడ్డుపడినట్టు.

"అమ్మా, చీకటిగా ఉంది. కిందికి రాకండి," అన్నాడు గొంతు తగ్గించి.

మెట్లమీద అడుగుల చప్పుడు అసలు వినపడలేదని ఆయనకు గుర్తొచ్చింది.

నాలుగో రాయిని ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. నాలుకకు ఆనింది. అంటుకుంది. లాగాడు. బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదా?"

మగగొంతు. పడుచు గొంతు. నోటినిండా ఏదో కుక్కుకుని మాట్లాడుతున్నట్టుంది. గొంతులో కోపం లేదు. బల్ల ముందు సంచి పట్టుకుని నిలబడేవాళ్ళంతా అడిగినట్టే, మర్యాదగా, కాస్త ఆశగా అడిగింది.

"కాదు," అన్నాడు కాదుగారు.

అలవాటు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మాట నోరు దాటాక గానీ ఆయనకు తెలియలేదు.

మోచేతి పక్కన ఒక రాయి బల్లమీద జరిగింది. గీరుకుంటూ... ఆయన వైపు.

"ఇది కాదా?"

ఈసారి పెదవులు బిగించాడు. గొంతు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి. విసుగు లేకుండా, పిలిచి జవాబు చెప్పేదాకా ఎంతసేపైనా నిలబడేవాళ్ళలాగా. పెద్దావిడ వరసలో అందరినీ ముందు పోనిచ్చి నిలబడిన వైనం కళ్ళముందు మెదిలింది. అవును అనాలి. ఒక్క మాట. ఇక్కడ వినేవాళ్ళెవరున్నారు, నవ్వేవాళ్ళెవరున్నారు. అయినా రాలేదు. భయం వల్ల అనుకుందామంటే అదీ అబద్ధమే. అంత భయంలోనూ ఆ మాట అనడానికి సిగ్గే అడ్డొచ్చింది.

వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనాడు. వీపు వెనక సొరుగు తగిలింది. అది ఆయన సొంత సొరుగు, చదువుకునే రోజుల్లో ఏరిన రాళ్ళవి. చెయ్యి పోనిచ్చి తడిమితే, అయిదు బుడిపెల ముద్ద రాయి ఒకటి దొరికింది. దాని మీద అప్పట్లో తన చేత్తో అతికించిన చీటీ గరుకుగా తగిలింది. సముద్రానికి నూరు మైళ్ళ దూరంలో, కొండమీది క్వారీలో దొరికిన రాయి. మనిషన్నవాడు పుట్టక ముందటిది. దాని సంగతి ఆయనకు బాగా తెలుసు. నాలుకకు ఆనించాడు. చల్లగా, పొడిగా ఉంది. అంటుకోలేదు.

ఊపిరి చప్పుడు ఆగింది. తర్వాత ఆయన చెవి పక్కనే...

"సరే."

కరెంటు వచ్చింది.

గదిలో ఎవరూ లేరు. బల్లమీద రాళ్ళు నాలుగూ తడిగా ఉన్నాయి. నాలుక ఆనినచోట ఒక్కటే కాదు, నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టు ఒళ్ళంతా తడి. తేనెరంగు మచ్చ ఉన్నదాన్ని పేపర్లో చుట్టి సొరుగులో పెడుతుంటే అది తేలికైనట్టు తోచింది. భయపడ్డాక అలాగే అనిపిస్తుందని సర్దిచెప్పుకున్నాడు. కొండ రాయి మీది చీటీని గోటితో గీకేశాడు. అంత జరిగాక కూడా ఆ పని మరిచిపోలేదు.

పైకి వెళ్ళి ఆ కొండ రాయిని ఎక్స్‌రే ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని గుడ్డసంచిలోకి జాగ్రత్తగా దించి, మూతి ముడి వేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మ మీ గురించి ఎప్పుడూ మంచిగానే చెబుతుంది సార్," అంది. "అందరూ పిచ్చిదన్నారు, ఆ బాబు ఒక్కడే చూస్తున్నానన్నాడు అంటుంది."

అప్పుడైనా చెప్పొచ్చు. ఆవిడ గుమ్మం దాటేదాకా, మెట్లు దిగేదాకా, గేటు దాకా చెప్పొచ్చు. కాదుగారు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఇంటికెళ్ళాక నాలుక మండి అన్నం సహించలేదు. కూర బాగాలేదా అని భార్య అడిగితే, "నేనే బాగాలేను" అన్నాడు. ఆవిడకు నవ్వాలో వద్దో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే ఆవిడ మళ్ళీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంచిని బల్లమీద పెట్టి, పక్కన పెద్ద కవరు పెట్టింది. అమ్మ తెల్లవారుజామున పోయిందని చెప్పింది. ఫిల్మ్ చూసిందట. దీపానికి అడ్డుపెట్టి చాలాసేపు చూసి, వేలితో తడిమి, వీడే అందట. తర్వాత నిద్రపోయి, ఇక లేవలేదట. నిద్రపోయే ముందు, ఆ రాయి ఇచ్చినాయనకు నా దణ్ణం చెప్పు అందట. అది చెప్పి కూతురు చేతులు జోడించింది.

కవర్లోంచి ఫిల్మ్ తీసి కిటికీ అద్దానికి ఆనించి నిలబెట్టి, మళ్ళీ చేతులు జోడించింది. రాయి అంచు తెల్లగా, స్పష్టంగా ఉంది. దానిలోపల ఒక మనిషి చెయ్యి ఉంది. మణికట్టు, అరచెయ్యి, చాచిన అయిదు వేళ్ళు, కణుపు కణుపూ లెక్కపెట్టొచ్చు. చిటికెన వేలు బయటికి తిరిగి ఉంది.

కొండమీది రాయిలో.

కాదుగారు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ జోడించిన చేతులను చూస్తూ ఇక దాచుకోవడం ఆయన వల్ల కాలేదు. తల దించుకుని, "ఇది మీ అమ్మ తెచ్చిన రాయి కాదమ్మా," అన్నాడు. "అది కింద ఉంది. ఆవిడ చెప్పింది నిజమని నాకు ఎనిమిదిన్నరేళ్ళ కిందటే తెలుసు. ఒప్పుకోడానికి సిగ్గేసి దాచాను. నిన్న మీకు మార్చి ఇచ్చాను."

ఆవిడ జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"ఎనిమిదిసార్లు వచ్చింది కదా సార్," అంది. "రెండు బస్సులు మారి వచ్చేది."

ఆవిడ మళ్ళీ కవర్లో చెయ్యి పెట్టి ఇంకో ఫిల్మ్ బయటికి లాగింది. మీకు చూపించకూడదనుకున్నాను గానీ, ఇప్పుడు చూడండి అని, మొదటిదాని పక్కన ఆనించింది. ఇది ముందు తీసిందట. పనికిరాదని అమ్మకు చూపించలేదట.

అదే రాయి. అంచు అంతే స్పష్టంగా ఉంది. లోపల మాత్రం వేళ్ళు ఉండాల్సినచోట పొగలాంటి చారలు అయిదు, ఒకదానిమీద ఒకటి అలుక్కుపోయి ఉన్నాయి.

"మెషీన్ అదిరి ఉంటుంది," అన్నాడు కాదుగారు.

"అదిరితే అంచు కూడా చెదరాలి సార్. పదమూడేళ్ళుగా తీస్తున్నాను. లోపల ఉన్నది కదిలితేనే ఇలా వస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "రోగులైతే మళ్ళీ తీసే ముందు చెబుతాం. నాకు అలవాటైపోయి... ఆలోచించకుండా అనేశాను..."

"ఏమని?"

ఆవిడ సంచిని బల్ల అంచు నుంచి కాస్త దూరంగా, ఆయన వైపు జరిపింది.

"కదలొద్దు అని," అంది. "అందుకే రెండోది సరిగ్గా వచ్చింది."